అమ్మా అనేదాకా

మా అక్క కాఫీ ఇచ్చేటప్పుడు రెండు చేతులూ వాడుతుంది. కుడిచేత్తో లోటా అంచు పట్టుకుని, ఎడమ అరచేతిని అడుగున ఆనించి, పసిపిల్లను అప్పగిస్తున్నట్టు ఇస్తుంది. ఆ మధ్యాహ్నం ఒంటిచేత్తో ఇచ్చింది. ఎడమచెయ్యి కొంగు కింద ఉంది. ఎండాకాలం. బళేపేటలో మా అక్కావాళ్ల గాజుల అంగడి ఉన్న సందులో గాలి ఆడదు. ఫ్యాను కింద కూర్చున్నా వీపు తడిసిపోతుంది. అలాంటి పూట చేతికి కొంగు కప్పుకుని కూర్చోవాల్సిన అవసరం ఎవరికుంటుంది?

"చేతికేమైందక్కా?"

"ఏమీ లేదప్పా. పూరీలు వేస్తా ఉంటే నూనె చిందింది. స్వల్ప కాలింది, అంతే."

అదే సమయంలో గల్లా దగ్గర మా బావ ఎవరో గిరాకీతో మాట్లాడుతున్నాడు. "ఈ పొద్దు మీరే వేసుకోవల్లమ్మా. మా ఇంటామె చేతికి కుక్కర్ ఆవిరి కొట్టింది."

ఒక చెయ్యి, రెండు కథలు. కాఫీ కింద పెట్టేశాను.

అనుమానం నాకు పుట్టుకతో రాలేదు, నేర్పితే వచ్చింది. హిందూపురంలో మా నాన్న, ఆయన స్నేహితులు ఆదివారాలు మా వసారాలో చర్చలు పెట్టేవాళ్లు. ఎవరైనా ఒక వింత చెప్తే ముందు "నువ్వు చూశావా?" అని అడగాలి. చూశానంటే "ఎంత దూరం నుంచి?" అని అడగాలి. ఆ రెండు ప్రశ్నలకే సగం దేవుళ్లు, ముప్పాతిక దయ్యాలు వసారా దిగి వెళ్లిపోయేవి. పెద్దయ్యాక మేం కొందరం ఊళ్లు తిరిగి, అరచేతిలో కర్పూరం వెలిగించి, నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమ లేదు, కాలు ఎంతసేపు ఆనించామన్నదే అసలు సంగతి అని చూపించేవాళ్లం. చూపించబోయి కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకని కాలిన చర్మాన్ని దగ్గర నుంచి చూడటం నాకు అలవాటు.

పైపైన కాలితే చర్మం ఎర్రబడి భగభగమంటుంది. వేలితో నొక్కితే తెల్లబడి, వదిలితే మళ్లీ ఎర్రబడుతుంది. నీళ్లు పోస్తే ప్రాణం లేచివస్తుంది. ఇంకాస్త లోతుకు పోతే బొబ్బ లేస్తుంది. బొబ్బ చిట్లితే అడుగున తడిగా, గులాబిరంగులో ఉంటుంది. గాలి తగిలినా కేక పెడతారు. మనవాళ్లు భయపడేది దీన్ని చూసే. వెంటనే టూత్‌పేస్టు పూస్తారు, సిరా పూస్తారు, కాఫీపొడి అద్దుతారు, కోడిగుడ్డు కొట్టి పోస్తారు. వంటింట్లో ఏది చేతికందితే అదే మందు. చల్లటి నీళ్లధార కింద ఇరవై నిమిషాలు చెయ్యి పెట్టమని చెప్తే మాత్రం నమ్మరు. నీళ్లు ఊరికే వస్తాయి కాబట్టి అది వైద్యంలా కనిపించదు.

అన్నిటికంటే లోతుగా కాలినదాని దగ్గరికి తర్వాత వస్తాను. అది మా అక్క చేతి మీదే ఉంది, అప్పటికి నాకు తెలియదు.

"ఏదీ, చూడనీ."

"ఎందుకురా? పసుపు, సున్నం కలిపి పట్టించినా. మానిపోతా ఉండాది."

"మానిపోతున్నదాన్ని చూపిస్తే ఏం పోయింది?"

బావ గల్లా మీద నుంచి తల తిప్పాడు. "మా బామ్మర్దికి దేవుడి మీద నమ్మకం ల్యా, మనుషుల మీదా ల్యా. అక్క చెయ్యి కాలిందంటే దానికీ సాక్ష్యం కావల్లంట!"

గిరాకీ నవ్వింది. బావ కూడా నవ్వాడు, కానీ చూపు మాత్రం అక్క మీదే ఉంది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఇద్దరూ నూనె అనో, ఇద్దరూ ఆవిరి అనో ముందే మాట్లాడుకుని ఉండాల్సిందని ఇప్పుడు ఆలోచిస్తున్నారా? నిజం చెప్పేవాళ్లకు ఆ అవసరం రాదు.

గిరాకీ వెళ్లిపోయాక నేనే లేచి కొంగు తీశాను. అక్క ఆపలేదు. అదే నన్ను మరింత భయపెట్టింది. మా అక్క నా చేతిమీద ఒక్కటి వేయకుండా ఊరుకునే మనిషి కాదు.

చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. వేళ్లు లావుగా, నున్నగా మెరుస్తున్నాయి. మణికట్టుకు పాతచీర పేలిక చుట్టి, దాని పైకి గాజులన్నీ నెట్టింది. ఆకుపచ్చ మట్టిగాజులు, ఎప్పుడూ గలగలమనేవి, ఇప్పుడు చర్మంలో దిగబడి చప్పుడు లేకుండా ఉన్నాయి. గోళ్లు నీలిరంగులోకి తిరుగుతున్నాయి. పేలిక విప్పుతుంటే వాసన వచ్చింది. పసుపు, సున్నం, వాటి వెనక ఇంకేదో.

పెద్ద బిళ్లంత మచ్చ. గుండ్రంగా ఉంది. అంచు గీత గీసినట్టుంది.

నూనె అలా కాల్చదు. నూనె చిందితే ఒక పెద్ద చుక్క చుట్టూ చిన్న చుక్కలుంటాయి, కిందికి జారిన చార ఉంటుంది. ఆవిరి వెడల్పుగా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా కాలుస్తుంది. ఇంత గుండ్రంగా, ఇంత శ్రద్ధగా కాల్చాలంటే ఒక మనిషి ఒక వస్తువును కాల్చి, తెచ్చి, ఆనించి, పట్టుకోవాలి.

చుట్టూ ఎర్రగా ఉంది. ఆ ఎరుపు మోచేతివైపు పాకుతోంది. నడుమ మాత్రం ఎరుపు లేదు, బొబ్బ లేదు, తడి లేదు. మైనంలా తెల్లగా, ఎండిన తోలులా బిగుసుకుని ఉంది. వేలితో అంచున తాకితే అక్క "అబ్బా" అంది. నడుమ నొక్కితే ఏమీ అనలేదు.

"ఇక్కడ?"

"ల్యా. నడాన నొప్పే ల్యా. అందుకే చెప్తాండా, మానిపోతా ఉండాదని."

నేను ఇందాక దాటవేసింది ఇదే. చర్మం అడుగుదాకా కాలిపోతే నొప్పి ఉండదు. నొప్పి తెలిపే నరాలే కాలిపోతాయి కాబట్టి. భగభగమనే చిన్న మంటకు ఇల్లంతా పరిగెత్తుతాం, చప్పుడు చెయ్యని పెద్ద మంటను పసుపు రాసి కొంగు కింద దాచుకుంటాం.

"ఇది నూనె కాదు, ఆవిరీ కాదు," అన్నాను. "ఇది వాత. ఎవరు పెట్టారు?"

అక్క బావ వైపు చూసింది. నా అనుమానం చూపుడువేలు చాపి బావ దగ్గర నిలబడింది.

"నన్ను చూస్తావెందుకప్పా?" అన్నాడు బావ. "నేను పెట్టినానా? నేను ఎద్దులకు కూడా వాత పెట్టినోణ్ణి కాదు."

"ఆయన్ను అనొద్దు," అంది అక్క. "నేనే పోయినా. అత్తిబెలె అవతల, బస్సులో గంట పైనే పోవల్ల, ఒక ముసలామె ఉండాది. కామెర్లకు, తిమ్మిరికి పెడతాది."

"నీకేం తిమ్మిరి?"

అప్పుడు చెప్పింది. కొన్ని నెలలుగా ఎడమచేతికి స్పర్శ తగ్గుతూ వచ్చిందట. గాజులు తొడగటంలో కుడిచేతిది బలం, ఎడమచేతిది తెలివి. ఎడమచేత్తో గిరాకీ అరచేతిని మడిచి, బొటనవేలి ఎముకను లోపలికి నొక్కి, అది ఎంతవరకు లొంగుతుందో తెలుసుకుంటూ ఉండాలి. మా అక్క చేతిలో చెయ్యి పెట్టి ఊరి కబుర్లు చెప్తూ ఉండగానే గాజులు మణికట్టుకు చేరిపోయేవి. దానికోసమే చిక్కపేటలో చీరలు కొన్నవాళ్లు ఇన్ని అంగళ్లు దాటి ఆ సందుకు వచ్చేవాళ్లు.

"మొన్న పెళ్లికూతురికి తొడుగుతా ఉంటే గాజు చిట్లిపోయింది. ఆ పిల్ల చెయ్యి గీసుకుంది. నాకు తెలియనే ల్యా అప్పా, అది బిగిసింది అని. రక్తం చూసినాక తెలిసింది. పెళ్లికూతురి చేతిలో గాజు చిట్లితే ఆ ఇంటోళ్లు ఎట్ల చూస్తారో నీకు తెలుసా? ఇంక ఈ చెయ్యి లేకపోతే నేనెందుకు ఈ అంగడికి?"

"డాక్టరు దగ్గరికి పోవాలి కదా."

"పోతే షుగరు అంటారు. అన్నిటికీ షుగరు అంటారు."

"ఉందా లేదా షుగరు?"

"ఉండాదిలే," అంది, ఎవరో దూరపు చుట్టం గురించి చెప్తున్నట్టు.

తర్వాత ఆమె చెప్పిన మాటలు నేను మరిచిపోలేను. ఆ ముసలామె వైద్యానికి ఒక పద్ధతి ఉంది. ఇనుప కడ్డీ కొస ఎర్రగా కాల్చి చేతికి ఆనిస్తుంది. మనిషి "అమ్మా" అని అరవగానే తీసేస్తుంది. ఆ అరుపుతోపాటే జబ్బు బయటికి పోతుందని ఆమె మాట.

"నువ్వెప్పుడు అరిచావు?"

"నేను అరవలేదు కదా," అంది అక్క. "నాకేం తెలియలేదు. వాసన వస్తా ఉండాది. ఆయమ్మ నా మొగం చూస్తా ఉండాది, నేను ఆయమ్మ మొగం చూస్తా ఉండా. ఎంతసేపని చూస్తాము? ఆమేలె, కొంచేపటికి, పక్కన వరసలో కూసున్న ఇంకొకామె అరిచింది. అప్పుడు తీసింది."

పేలికను మళ్లీ చుట్టుకోబోయింది.

"అందరూ నన్ను గట్టిగుండె అన్నారు," అంది మళ్లీ, కొంచెం గర్వంగానే.

సభల్లో నేను వాతల గురించి ఎన్నోసార్లు మాట్లాడాను. మూఢత్వం, అజ్ఞానం అని గొంతు పెంచాను. కానీ ఈ ఏర్పాటులో ఉన్న క్రూరమైన లెక్క నాకెప్పుడూ తట్టలేదు. స్పర్శ ఉన్నవాడు వెంటనే అరుస్తాడు, చిన్న మచ్చతో బయటపడతాడు, రెండువారాల్లో మాని, వాత పనిచేసిందని పదిమందికి చెప్తాడు. స్పర్శ పోయినవాడు, అంటే నిజంగా తిమ్మిరి జబ్బున్నవాడు, అరవడు. కడ్డీ కదలదు. ఎవరికోసం ఆ వైద్యం ఉందంటున్నారో వాళ్లనే అది అడుగుదాకా కాలుస్తుంది.

"లే అక్కా. ఆస్పత్రికి పోదాం. ముందు ఈ గాజులు తియ్యాలి."

నిజానికి కాలిన చేతికి చెయ్యాల్సిన మొదటి పనుల్లో అది ఒకటి. ఉంగరాలు, గాజులు, గడియారం, ఏవున్నా వాపు రాకముందే తీసెయ్యాలి. తర్వాత అవి సంకెళ్లయిపోతాయి. అక్క ఎడమచేతి గాజులు అప్పటికే అలా అయిపోయాయి. సబ్బు రాసింది, ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీదుగా జార్చాలని చూసింది, గాజులమ్మేవాళ్ల ఉపాయాలన్నీ వాడింది. ఒక్కటీ కదల్లేదు.

"పగలగొట్టాలి," అన్నాను.

ఆ మాటతో బావ గల్లా వదిలి లేచాడు. "ఏమంటాండావు నువ్వు? నేను ఉండంగానే దాని చేతికి గాజులు పగలగొడతావా?"

"బావా, ఆ గోళ్లు చూడు. నీలంగా అయినాయి. రక్తం ఆడటం లేదు."

"నాకేం తెలియదు. గాజులమ్మే ఇంట్లో, నట్టనడి మధ్యాహ్నం..."

"నీ ప్రాణం ఈ గాజులో ఉందా? అంగట్లో రోజుకు ఎన్ని చిట్లుతున్నాయి? ఎంతమంది మొగుళ్లు పోయారు?"

చర్చలో ఇది మంచి దెబ్బే. వసారాలో అయితే చప్పట్లు పడేవి. ఇక్కడ బావ మొహం మాత్రం కందిపోయింది. షట్టరు సగం దించి, నా ఎదురుగా నిలబడ్డాడు. "బయట నీ ఉపన్యాసం చెప్పుకో. నా ఇంట్లో వద్దు."

నేను ఇంకా ఏదో అనబోయాను. అక్క అడ్డొచ్చింది.

"సుమ్నే ఊరుకోండి ఇద్దరూ. చెయ్యి నాది."

గిరాకీకి తొడిగేటప్పుడు గాజు చిట్లితే ఆ అంగట్లో ఒక పద్ధతి ఉంది. ముక్కలు ఏరకముందే కొత్త గాజు ఆమె చేతికి ఎక్కించాలి, దానికి డబ్బు తీసుకోకూడదు. మా అక్క తన అత్తగారి దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఇప్పుడు అరలోంచి ఆకుపచ్చ మట్టిగాజు ఒకటి తీసి బావ చేతిలో పెట్టింది. కుడిచెయ్యి చాపింది.

"ముందు ఇది తొడుగు. ఆ చేతిది ఈ చేతికి వచ్చిందనుకో. ఇంక ఏమీ తక్కువ కాలేదు."

"నేనా?" అన్నాడు బావ. ఇన్నేళ్లు గాజులు అమ్మినా, ఆయన ఎవరి చేతికీ తొడిగి ఎరగడు. అది ఆడవాళ్ల పని.

"నువ్వే. నీ భయమే కదా."

తొడిగాడు. వంకరగా, అరచేతి చర్మం రెండుసార్లు గిల్లుతూ తొడిగాడు. "మొద్దు చేతులు," అంది అక్క. తర్వాత తడిగుడ్డ చుట్టిన ఎడమచెయ్యి ముందుకు పెట్టి, లోహపు గాజులు సరిచేసే చిన్న పట్టకారు ఆయనకే ఇచ్చింది. బావ కళ్లు మూసుకున్నాడు. "కండ్లు తెరువప్పా, నా చెయ్యి కొరుకుతావు," అంది. గుడ్డ కింద ఒక్కొక్కటే నలిగిన చప్పుడు, చక్కెర పలుకులు కొరికినట్టు.

ఆ రాజీ నాకు నచ్చలేదని చెప్పుకోవాలి. మూఢనమ్మకానికి కొత్త గాజు లంచమిచ్చి పని జరిపించుకోవడం నా పద్ధతి కాదు. కానీ నా వాదనతో ఒక్క గాజూ కదల్లేదు, ఆమె గాజుతో అన్నీ వచ్చేశాయి. ఇది తర్కానికి ఓటమి అని ఎవరైనా అంటే ఒప్పుకోను. అలాగని గెలుపు అనీ అనలేను.

ఆటోలో అక్క చేతిని గుండెల ఎత్తున పట్టుకుని కూర్చుంది. బావ అటు, నేను ఇటు. గోళ్లకు నెమ్మదిగా రంగు వస్తోంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కన్నడంలో ఎలా కాలిందని అడిగితే, అక్క మళ్లీ నూనె అంది. నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ చేతి తొడుగు వేసుకుని, నడుమ సూదిమొనతో తాకి "తెలుస్తోందా?" అని అడిగింది. అక్క తలుపు వైపు చూస్తూ, లేదంది. మరో చోట తాకింది. లేదు. అక్కడ అక్క కళ్లల్లోకి మొదటిసారి భయం వచ్చింది.

"నొప్పి లేకపోతే మంచిదే కదమ్మా?"

"నొప్పి ఉంటే సంతోషించేదాన్ని," అంది డాక్టరమ్మ.

చచ్చిన చర్మం కోసి తీశారు. చీము, జ్వరం లొంగేదాకా సూదులు, ధనుర్వాతానికి ఒక సూది. తర్వాత తొడ మీద నుంచి పలుచగా చర్మం తీసి అక్కడ అతికించారు. వేళ్లు దక్కాయి. ఇంకా ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ నాతో చెప్పింది, అక్కతో చెప్పలేదు. తిమ్మిరి షుగరు వల్లేనని, అది పూర్తిగా వెనక్కి రాకపోవచ్చని, మందులు సరిగ్గా వేసుకుంటే ముదరకుండా ఉంటుందని మాత్రం ఆమెకు చెప్పింది.

"చెప్పినా కదా, అన్నిటికీ షుగరు అంటారని," అంది అక్క. కానీ మాత్రలు వేసుకుంటోంది.

ఆ ముసలామె ఇల్లు ఎక్కడో నేను ఎంత అడిగినా అక్క చెప్పలేదు. "పోయి గలాటా చేస్తావు. ఆయమ్మ నన్ను మోసం చేయల్యా, నేనే అరవల్యా," అంటుంది. బావ తనకేమీ తెలియదంటాడు. నాకు నమ్మకం లేదు. ఆ రోజు అత్తిబెలె పేరు వినగానే నేను ఉలిక్కిపడ్డాను, ఆయన ఉలిక్కిపడలేదు. అక్క ఒంటరిగా బస్సెక్కి మెజెస్టిక్ బస్టాండు దాటి ఎరగదు. అడిగితే ఇద్దరూ ఒకేలా నవ్వుతారు. ఈసారి కథ ముందే కలుపుకున్నారు.

మొన్న మళ్లీ అంగడికి వెళ్లాను. అక్క ఇప్పుడు కుడిచేతి వేళ్లతో గిరాకీ చెయ్యి మడిచి చూసి, ఎడమచేత్తో గాజు నెడుతుంది. పని మునుపటికంటే నెమ్మది. ఊరి కబుర్లు మాత్రం తగ్గలేదు. మణికట్టు మీద అతికిన చర్మం కొంచెం వేరే రంగులో మెరుస్తూ కనిపిస్తుంది. గాజులు దానికి పైన, వదులుగా ఉంటాయి.

నేను కూర్చుని ఉండగానే పక్క అంగడి కోడలు చెయ్యి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వెనకే అత్త, చేతిలో టూత్‌పేస్టు. టీ ఒలికిందని అత్త చెప్తోంది.

అక్క ఆ పేస్టు తీసుకుని తన వెనక పెట్టేసింది. "టీ ఎక్కడ నుంచి ఒలికింది? నిలబడి ఉన్నావా, కూసున్నావా?" అని అడుగుతూనే ఆ పిల్ల చెయ్యి వెలుగులోకి తిప్పి చూసింది. అంచులు చూసింది, జారిన చార చూసింది. నమ్మినట్టుంది. వెనకున్న కొళాయి విప్పి నీళ్లధార కింద చెయ్యి పెట్టించి, సబ్బు నురగతో గాజులు ఒక్కొక్కటే జార్చసాగింది.

"అయ్యో, గాజులెందుకు తీస్తావమ్మా?" అంది అత్త.

"వాచక ముందే తీయల్ల. రెండో చేతికి నాలుగు ఎక్కువ వేస్తాలే, లెక్క సరిపోతాది." తర్వాత ఆ పిల్ల మొహంలోకి చూసి, గుచ్చి గుచ్చి అడిగింది. "నొప్పిగా ఉండాదా? నిజం చెప్పు. అంతటా ఉండాదా, నడాన కూడా?"

"చచ్చిపోతాండానక్కా! అమ్మా!"

అక్క భుజాలు దిగాయి.

"మంచిది," అంది. "అరుచుకో తల్లీ. బాగా అరుచుకో."